కారునకు మెరుగు

మెరుగు అన్నంతనే మనకు పండుగ ముందునాటి ఇత్తడి బిందెలు జ్ఞప్తికి వచ్చును. చింతపండుతోను బూడిదతోను గట్టిగా రుద్దినకొలది బిందె బంగారమువలె తళతళలాడును. ఆ న్యాయము కారునకు చెల్లదు. బిందె లోపలను వెలుపలను ఇత్తడియే. కొంత అరిగినను మిగులునది ఇత్తడియే. కారు అట్లు కాదు. ఉక్కు రేకుపై పలుచని రంగుపొర యుండును. అది అరిగిపోయిన మరల రాదు.

ఎంత పలుచన? నేటి కార్లకు రంగుపైన క్లియర్‌కోటు అను పారదర్శకమైన పొర యొకటి యుండును. దాని మందము తరచుగా 40, 50 మైక్రానులు మాత్రమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవవంతు. మన తలవెండ్రుక సాధారణముగా అంతకంటె మందమైనది!

కాంతి నునుపైన తలముపై పడినపుడు క్రమముగా పరావర్తనము చెందుననియు, గరుకైన తలముపై పడినపుడు చెదరిపోవుననియు మీరు చదివియే యుందురు. ఎండకును ధూళికిని రంగు గరుకెక్కి వెలవెలబోవును. పాలిషులోని మిక్కిలి సన్నని రాపిడిపొడి ఆ గరుకును అరుగదీయును. సీలెంటు పని వేరు. అది కృత్రిమముగా తయారుచేసిన పదార్థము. నునుపైన రంగుపై పలుచని కవచమువలె నిలుచును. పాలిషు తీసివేయును, సీలెంటు కప్పును. పూర్వము ఈ రెండవ పనిని బ్రెజిలు దేశపు తాటిజాతి చెట్టు ఆకులనుండి వచ్చు కార్నోబా మైనము చేసెడిది. నేటికిని దానిని వాడువారు కలరు.

ఈ విద్య నాకు అవసరమైనది 2022వ సంవత్సరమున. మా అన్నగారు పశువైద్యులు. దివిసీమ గ్రామములలో ముప్పదియేండ్లు ఒకే కారులో తిరిగిరి. అది అంబాసిడరు, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడ కర్మాగారమున 2014 వరకును తయారైన జాతి. వారు గతించిన పిమ్మట ఆ ముదురాకుపచ్చ కారు ఉప్పుగాలికి నిలిచి, బూజుపట్టినట్లు తెల్లబారినది. ఒక రంగుల మేస్త్రీ వచ్చి చూచి, “పాతరంగంతయు గీకి, పది దినములలో పెండ్లికొడుకును చేసి యిత్తును” అనెను. మా వదినగారు అప్పుడేమియు పలుకలేదు. సాయంకాలము నన్ను పిలిచి, “ఆ రంగు మీ అన్నగారు కోరి వేయించుకొన్నది, బాబూ. దానిని గీకించిన తరువాత ఇంక అది ఎవరి కారు?” అనిరి.

పాలిషుచే రంగు తేరుకొనవలెను, లేదా మేస్త్రీకి అప్పగింపవలెను. వేరు దారి లేదు.

వదినగారి మనుమడు మీ యీడువాడు. వాడును నేనును పూనుకొంటిమి. మొదట కడుగుట. రెండు బకెట్లు కావలెను: ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో గుడ్డను జాడించుటకు మంచినీరు. ఒకే బకెట్టుతో కడిగిన, వదలిన ఇసుకరేణువులనే మరల రంగుపై రుద్దినవారమగుదుము. ఆరిన పిదప పలుచని ప్లాస్టిక్ సంచిలో చేయి దూర్చి రంగుపై నిమురుడు. కంటికి కానరాని గరుకు చేతికి స్పష్టముగా తెలియును. దానిని క్లే అను పేరుతో అమ్ముడగు మెత్తని ముద్దతో, సబ్బునీరు చిలుకరించుచు, ఒత్తిడి లేక తొలగించవలెను.

పాలిషును నీడలో, రేకు చల్లగా నున్నపుడే పట్టింపవలెను. మేము వెనుకతలుపు దిగువన రెండు జానల చోటు ఎన్నుకొంటిమి. అక్కడ చెడినను ఎవరికిని కానరాదు. స్పాంజిపై శనగగింజంత బొట్లు మూడు. వ్రేళ్ళు పరచి, సమానమైన ఒత్తిడితో అటునిటు నాలుగైదు మారులు. కుర్రవాడు స్పాంజి తిప్పి చూచి, “చిన్నతాతా! రంగంతయు వచ్చివేయుచున్నది!” అని కేకవేసెను. స్పాంజి పచ్చబారి యుండెను. ఆ పాతకారునకు క్లియర్‌కోటు లేదు, ఒకే రంగుపొర. ఎండకు చచ్చిన పైరంగు కొంత ఊడివచ్చుట సహజమే. క్లియర్‌కోటు గల కారుపై రంగు వచ్చినచో తత్‌క్షణమే ఆపవలెను. పైపొర తెగినదని అర్థము. మైక్రోఫైబరు గుడ్డతో తుడిచి చూచితిమి. ఆ రెండు జానల చోట ముదురాకుపచ్చ బయటపడెను. వాని ముఖము అందులో కనబడుచుండెను.

తక్కిన కారునకు రెండు దినములు పట్టెను. అంచులయందును మడతలయందును రంగు మరింత పలుచన. అచ్చట టేపు అంటించితిమి. నేలబడిన గుడ్డను మరల వాడనీయలేదు. దాని కంటిన ఒక్క ఇసుకరేణువు చాలును. యంత్రముతో త్వరగా ముగియును గాని, క్రొత్తవాని చేతిలో అది క్షణములో అంచు తెగగొట్టును. చేయి అలసిపోవును; అలసిన చేయి అతిగా అరుగదీయజాలదు.

ముందు తలుపుపై ఒక పొడవైన గీత కలదు. గోరు అడ్డముగా జరిపిన తగులుకొనునంత లోతైనది. అట్టి గీత పోవువరకు రుద్దిన రేకు బయటపడును. ఐనను కుర్రవాడు దానిపై మక్కువ విడువడయ్యెను. వదినగారు చూచి నవ్విరి. “అది నాగాయలంకలో ఒక గేదె కొమ్ముతో గీచినది. మీ తాతగారు ఆ గేదెకు సూది వేసియే వచ్చిరి. ఉండనీయుము” అనిరి.

తుదకు సీలెంటు. పాలిషు నూనెజిడ్డు నిలిచిన సీలెంటు సరిగా పట్టదు. ముందు దానిని తుడిచివేయవలెను. పూసితిమా లేదా యని సందేహము కలుగునంత పలుచగా పూయుడు. మందముగా పూసిన లాభము లేదు, తుడుచుట కష్టమగును. సీసాపై చెప్పినంతసేపు ఆరనిచ్చి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, నీరు తగులకుండ ఒక రాత్రి పాకలో ఉంచితిమి.

మూడవనాడు వాన కురిసెను. తామరాకుపైనవలె నీరు ముత్యములై దొరలుచుండెను. నీరు అట్లు పూసకట్టక పరచుకొన్ననాడు సీలెంటు అరిగినదని గ్రహించి, మరల పూయవలెను, పాలిషుతో పనిలేదు. కుర్రవాడు గోడపంచాంగమున ఆనాటి తేదీచుట్టు సున్న చుట్టెను. వదినగారు కారు తాళము వాని చేతికి ఈయలేదు గాని, గుడ్డల సంచిని మాత్రము ఇచ్చిరి.