ఎడారిలో జమ్మిచెట్టు

గడచిన క్రిస్మసు సెలవులలో, దుబాయి నగరమున పనిచేయుచున్న మా యన్నను చూచుటకై నాయనమ్మతోను, అమ్మతోను, చెల్లెలితోను గూడి మేము ఆ దేశమునకు పోయి పదిదినములుండి వచ్చితిమి. ఆ పదింటిలో ఒక్కదినము ఎడారిలో గడచినది. సంచికకు ఏదైన వ్రాయుడని ఉపాధ్యాయులు కోరినప్పుడు అచ్చటి మేడలను గూర్చి వ్రాయుదమని మొదట తలచితిమి గాని, వానిని గూర్చి మీలో అనేకులు మాకంటె బాగుగ నెఱుగుదురు. కావున ఆ యొక్క దినమును గూర్చియే వ్రాయుచున్నాము.

మా యన్న దిల్‌సుఖ్‌నగరులోని ఒక సందులో ఏ.సీ. యంత్రముల మరమ్మతు నేర్చుకొని మూడేండ్ల క్రిందట అచ్చటికి పోయెను. నాటినుండి మూడు దసరాలు అతడు లేకయే గడచినవి. ఇప్పుడు ఒడంబడిక గడువు తీరవచ్చినది. మరల వ్రాసి యిచ్చుటయో మానుటయో నెలలోపల తేల్చవలెనట. నాయన కొత్తపేటలో అద్దెకు ఒక గది చూచి, అందులో అన్నచేత మరమ్మతు దుకాణము పెట్టింపదలచి, మమ్ము శంషాబాదులో విమానమెక్కించుచు, "వానిని వెంటబెట్టుకొనియే రండి" అని చెప్పిరి. మేము చేరిన పిదప నాలుగుదినములు ఆ మాట ఎత్తుటకు ఎవరికిని నోరు రాలేదు. ఐదవనాడు ఆదివారము, అన్నకు సెలవు. ఆనాడు మమ్ము ఎడారికి తీసికొనిపోవుటకై అతడు ఒక బండిని మాటలాడెను. దాని కిరాయి విని నాయనమ్మ, "ఇసుక చూసేటందుకు ఇన్ని పైసలా బిడ్డా? మన మూసీల లేదా?" అనెను.

తెల్లవారకమునుపే బయలుదేరితిమి. బండి నడుపు నతడు పెషావరు ప్రాంతమువాడు. నాయనమ్మ హైదరాబాదు ఉర్దూలో అతనితో మాటలు కలిపి, అరగంటలో అతని బిడ్డలెందఱో, వారేమి చదువుచున్నారో సర్వము తెలిసికొనెను. అతడు ఆమెను "అమ్మాజీ" అని పిలువసాగెను. మేడలు పలుచబడి, అల్ ఐన్ పోవు పెద్దబాట పట్టి, సుమారొక గంటకు ఒక కంచెవద్ద ఆగితిమి. అది దుబాయి ఎడారి సంరక్షణ ప్రదేశము, 2003లో ఏర్పడినది, వైశాల్యము 225 చదరపు కిలోమీటర్లు. ఆ రాజ్యపు నేలలో సుమారు ఇరువదియవ వంతు అన్నమాట.

అచ్చట మా సారథి దిగి నాలుగు చక్రములలోను గాలి తీయసాగెను. బండి చెడినదేమోయని అమ్మ కలవరపడెను. గాలి తగ్గినచో చక్రము చదునై ఇసుకపై ఎక్కువ చోటు ఆనును, అప్పుడు కూరుకొనిపోదు అని అతడు తెలిపెను. ఒంటె పాదమును అట్లే గదా! అడుగు పెట్టగనే వెడల్పగును.

ఇసుక మేమనుకొన్నట్లు తెల్లగా లేదు. ఇనుపత్రుప్పు రేణువులకు పట్టియుండుటచే ఎఱ్ఱమన్నువలె నుండెను. ప్రొద్దు పొడిచినప్పుడు తిన్నెల ఒకవైపు కుంకుమవలెను, రెండవవైపు చీకటివలెను కనబడినది. చెల్లెలు చెప్పులు విడిచి పరుగెత్తబోగా సారథి వారించి, ముందు ఇసుకను చదువుమనెను. నిజముగా అది చదువదగినదే. పేడపురుగువంటి నల్లని పురుగు ఒకటి రెండుప్రక్కల కుట్టుపని చేసినట్లు గీతలు గీచి పోయినది. వేరొకచోట నక్కపాదముల జాడ నేరుగా వచ్చి, ఒక పొదవద్ద కలగాపులగమై, మరల నేరుగా పోయినది. నడుమ ఏమి జరిగినదో ఊహించుకొనవలసినదే. పది గంటలకు గాలి లేచి ఇదంతయు తుడిచివేయునట.

ఒక బొరియ వాకిట ముళ్లతోక గల పెద్ద బల్లి ఎండ కాగుచుండెను. అరబ్బులు దానిని "ధబ్" అందురు. మన ఉడుమును తలపించును గాని ఆకులలములు తిని బ్రతుకును. తెల్లవారి చలివేళ దాని మేను నల్లగా నుండి ఎండవేడిమిని పీల్చుకొనును, వేడియెక్కినకొలది పాలిపోవును. మేము చూచునప్పుడు అది ఇంకను నలుపు వీడలేదు.

ఇంక ఆ ప్రదేశమునకు ప్రాణమనదగిన మృగమును గూర్చి చెప్పవలెను. దానిని ఒరిక్సు అందురు. ఒక తిన్నె దాటగనే పదునాలుగు ఒరిక్సులు ఒక్కమాఱు కనబడినవి. మేను పాలవలె తెలుపు; కాళ్లును ముఖముపై చారలును నలుపు; కొమ్ములు ఇంచుమించు రెండు బల్లెములవలె పొడవైనవి. ప్రక్కనుండి చూచినప్పుడు రెండుకొమ్ములు ఒక్కటిగా తోచును. ఒంటికొమ్ము గుఱ్ఱపు కథ దీనివలననే పుట్టినదని చెప్పువారు గలరు. తెల్లనిమేను ఎండను త్రిప్పికొట్టును. మధ్యాహ్నమున చెట్టునీడలో గిట్టలతో ఇసుక త్రవ్వి, లోపలి చల్లదనముపై పండుకొనును. నీరు దొరకనినాడు ఆకులలోని తేమతోనే అనేక దినములు గడపగలదు.

మాకు వెంటనే మన హరిణ వనస్థలి జ్ఞప్తికి వచ్చినది. ఎల్.బి. నగరు దాటి విజయవాడ బాటలో పోవువారందఱు దాని గోడ చూచియేయుందురు. ఒకప్పుడది నిజాముల వేటభూమి. 1975లో మహావీరుని పేర మృగవనమైనది. దాదాపు 3,600 ఎకరములు. అందలి కృష్ణజింకలలో సామాన్యముగా మగవానికే కొమ్ములుండును. ఒరిక్సులలో ఆడువానికిని ఉండును. చెల్లెలు మాత్రము, "మన జింకల కొమ్ములకు మెలికలుండును, మనవే అందము" అని తీర్మానించెను. ఆ తీర్మానమును మేము కాదనలేదు.

సారథి అప్పుడు చెప్పిన చరిత్ర యిది. మోటారుబండ్లును తుపాకులును వచ్చిన పిదప ఈ మృగములను వేటాడి వేటాడి, 1972లో ఒమాను దేశమున కడపటివానిని గూడ లేకుండ చేసిరి. అడవిలో ఒక్కటియు మిగులలేదు. కాని ముందుచూపు గల కొందఱు 1962లోనే కొన్నింటిని పట్టి, అమెరికాలోని ఫీనిక్సు నగరపు జంతుప్రదర్శనశాలకు పంపియుండిరి. మఱికొన్నిచోట్లనుండి వచ్చినవానితో గలిపి తొమ్మిదింటితో అచ్చట మంద మొదలైనది. వాని సంతతినే 1982లో ఒమాను ఎడారిలో మరల విడిచిరి. అచ్చట దొంగవేటచే మరల నష్టము కలిగినను, ఇతర దేశములలో పెరిగి, 2011 నాటికి అడవిలో సుమారు వేయికి చేరినవి.

అమ్మకు హిందీ కొంచెమే వచ్చును. అన్న ఒక్కొక్క మాటయు తెలుగులో చెప్పుచుండెను. అంతయు విని ఆమె, "అమెరికా పోయిన జంతువు గూడ ఇరువదేండ్లకు ఇల్లు చేరినదా?" అని అడిగెను. అన్న చేరినదనెను. "మఱి నీవు?" అని ఆమె అన్న ముఖము చూచెను. అతడు కిటికీవైపు తిరిగెను. నాలుగుదినములు మేము దాచిన మాట ఇట్లు ఒరిక్సుల యెదుట బయటపడినది.

ఆ పిదప సారథి వినోదమునకై బండిని తిన్నెలపై ఎక్కించి దింపెను. చెల్లెలికది పరమానందము. అమ్మకు వాంతియయ్యెను. ఇట్టి వినోదమునకు సొమ్ము ఎందుకు ఇత్తురో మాకు బోధపడలేదు. బండి ఒక చెట్టునీడన నిలువగా అందఱము దిగితిమి.

కొమ్మల అడుగుభాగము కత్తెరతో సమముగా కత్తిరించినట్లుండెను. ఒంటెలు మెడ సాచి అందినంతవఱకు మేయుటచే అట్లగునట. నాయనమ్మ ఒక కొమ్మను వంచి ఆకు చూచి, ముల్లు తడవి, "ఇది మన జమ్మి గదరా!" అని కేకవేసెను. సారథి దానిని "ఘాఫ్" అనెను. మేము ఇల్లు చేరిన పిదప పుస్తకములు చూడగా నాయనమ్మ మాటయే నిజము. రెండును ఒక్కజాతి వృక్షమే. అది ఆ దేశమునకు జాతీయవృక్షము. మన తెలంగాణమునకు 2014లో రాష్ట్రవృక్షముగా నిర్ణయింపబడినది. పాండవులు ఆయుధములు దాచిన చెట్టు ముప్పదిమీటర్ల లోతునకు వేళ్లు పంపి ఎడారిలో నీరు త్రాగుచున్నదని ఎవరనుకొందురు? మన పాలపిట్టయు అచ్చట గలదు; ఉదయమున కంచెతీగపై కూర్చుండి, మమ్ము చూచి నీలపు రెక్కలు విప్పి ఎగిరినది. నాయనమ్మ అప్పుడే చేతులు జోడించెను గాని మేము నవ్వితిమి.

ఆ నీడన కూర్చుండి అన్న ఉన్నది ఉన్నట్లు చెప్పెను. పోవునప్పుడు మధ్యవర్తికి కట్టిన సొమ్ముకై పెట్టిన అమ్మ గాజులు ఇంకను తాకట్టులోనే యున్నవి. వడ్డీ తీరినది, అసలు తీరలేదు. దుకాణమునకు పెట్టుబడి లేదు. మేము రాకమునుపే, పదిదినముల క్రిందటనే, మఱి రెండేండ్లకు సంతకము చేసియుండెను. "ముందే చెప్పినచో మీరు వచ్చియుండరని చెప్పలేదు" అనెను. అమ్మ ఏమియు పలుకలేదు. చెల్లెలు ఇసుకలో గీతలు గీయుచుండెను. సారథి కొంతదూరము పోయి మాకు వీపు త్రిప్పి నిలిచెను.

నాయనమ్మ లేచి కొమ్మ త్రుంపబోయెను. సారథి చూచి, ఈ చెట్టును ఇచ్చట విఱువరాదని మెల్లగా చెప్పెను. అప్పుడు అన్న వంగి, ఇసుకపై రాలిన ఆకులను ఏరి, ఊది, మొదట నాయనమ్మ చేతిలో పెట్టి పాదములు ముట్టెను. పిదప అమ్మ చేతిలో పెట్టెను. మన యిండ్లలో దసరానాడు "బంగారము" ఇచ్చి పెద్దల కాళ్లకు మ్రొక్కునట్లే. అమ్మ అతని తలపై చేయి యుంచి, చాలసేపటికి, "రాత్రిపూట అన్నము ఎవరు వండెదరు?" అని అడిగెను. నలుగురు కలిసి వంతులవారీగా వండుకొందుమని అతడు చెప్పెను. పప్పులో చింతపండు ఎప్పుడు వేయవలెనో ఆమె చెప్పనారంభించెను. తిరుగుదారిలో బండి నగరము చేరువఱకు ఆ వంట సంగతులే.

ఐదుదినముల పిదప శంషాబాదులో నాయన మా నలుగురిని లెక్కించి, మా వెనుకకు చూచి, ఇంకెవరును రాకపోవుట గమనించిరి. అమ్మ సంచినుండి ఒక కాగితపు పొట్లము తీసి వారి చేతికిచ్చెను. ఆకులెండి పొడియైనవి.

"ఇది జమ్మి గదా. ఎక్కడిది?" అనిరి.

"దుబాయిది" అనెను నాయనమ్మ.

నాయన నమ్మలేదు.