మదీనా నుంచి తెచ్చుకోదగినది

ఉమ్రా యాత్ర ముగించుకొని వచ్చేవారు జమ్‌జమ్ నీరు, అజ్వా ఖర్జూరాలు, జానమాజ్‌లు తెచ్చి బంధుమిత్రులకు పంచుతారు. అది ప్రీతికరమైన పనే. అయితే మదీనావాసుల నుంచి తెచ్చుకోదగినది, ఎంత పంచినా తరగనిది మరొకటి ఉంది.

కొన్నేళ్ల క్రితం రమజాన్‌లో కొన్ని రోజులు మస్జిదె నబవీలో గడిపే భాగ్యాన్ని అల్లాహ్ మాకు ప్రసాదించాడు. అస్ర్ నమాజు తరువాత అక్కడ బారులు బారులుగా సుఫ్రాలు పరుస్తారు. ఖర్జూరాలు, రొట్టె, పెరుగు, అందులో చల్లుకునే ‘దుగ్గా’ అనే మసాలా పొడి, జమ్‌జమ్, గహ్వా ఉంటాయి. పదేళ్ల పిల్లలు సైతం దారిలో నిలబడి, ముక్కూ మొగం తెలియని యాత్రికుల చేయి పట్టుకొని తమ సుఫ్రా వద్దకు రమ్మని బతిమాలుతారు. వచ్చి కూర్చున్నందుకు అతిథికే కృతజ్ఞతలు చెబుతారు. మగ్రిబ్ అజాన్ అయిన కొద్ది నిమిషాలకే సుఫ్రాలు చుట్టేస్తారు. తినిపించినవారు, తిన్నవారు ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడతారు.

ఉపవాసికి ఇఫ్తార్ చేయించినవారికి ఆ ఉపవాసితో సమానమైన పుణ్యఫలం లభిస్తుందని దైవప్రవక్త (స) బోధించారు. ఆ పుణ్యం కోసం ప్రజలు పోటీపడటం మేము అక్కడ కళ్లారా చూశాము.

మన ఇళ్లలోనూ దానగుణం లేకపోలేదు. పొరుగింటి పేదరాలికి పళ్లెంలో ఇఫ్తారీ పెట్టి, గుడ్డ కప్పి, పిల్లలతో పంపుతాము. దస్తర్‌ఖాన్‌పై మాత్రం మనల్ని తిరిగి పిలవగలిగినవారే కూర్చుంటారు. పళ్లెం ఆకలిని తీరుస్తుంది, ఒంటరితనాన్ని తీర్చదు.

యాత్ర నుంచి వచ్చాక మా ఇంట ఒక పద్ధతి పెట్టుకున్నాము. వీధి చివర ఒంటరిగా నివసించే ఒక వృద్ధురాలిని మా మనవరాలు చేయి పట్టుకొని తీసుకొస్తుంది. మొదటి రోజు ఆ ఖాలా గుమ్మంలోనే ఆగి, “నా పళ్లెం ఇక్కడికే ఇవ్వండి” అన్నారు. ఇప్పుడు మా ఇంటి ఆడవారి మధ్య కూర్చొని, గంజిలో ఉప్పు ఎక్కువైతే ముందుగా మందలించేది ఆమే.

“ఇది అరబ్బుల ఆచారం కదా, మనకెందుకు?” అని కొందరు మమ్మల్ని అడిగారు. చేయి పట్టుకొని పిలవడం ఆచారమే, కాని తినిపించడం ధర్మం. ధర్మాచరణకు తోడ్పడే మంచి ఆచారం ఏ ఊరిదైనా స్వీకరించవచ్చు. గహ్వా, దుగ్గా లేకపోయినా మన గంజి, మన శనగ గుగ్గిళ్లు చాలు.

రానున్న రమజాన్‌లో మీ పిల్లలను పళ్లెంతో కాక, పిలుపుతో పంపండి. మన దస్తర్‌ఖాన్‌లను అల్లాహ్ విశాలం చేయుగాక! ఆమీన్.