పొర, పడుగు, బొటనవ్రేలు

భౌతికశాస్త్రములో ‘స్థితిస్థాపకత’ అను పెద్ద మాటకు మా ఇంట్లో వాడుక మాట ‘లచక్’. మా మామూ కొత్తవాడలో ముప్పయి ఏండ్లుగా జంపఖానాలు నేయుచున్నారు. పడుగును బొటనవ్రేలితో ఒక్కసారి నొక్కి బిగువు చాలినదో లేదో చెప్పగలరు. బి.యస్సీ. తరువాత నేను ఎం.యస్సీ.లో చేరవలెనా, ఉద్యోగము చూచుకొనవలెనా అనునది ఆయన సంపాదనపై ఆధారపడిన విషయము. అందుచేత, వేసవిలో హైదరాబాదులోని ఒక పరిశోధనాలయమున నేను చూచివచ్చిన పనిని ముందుగా ఆయనకే వివరింపవలసివచ్చినది.

జీవకణమును చుట్టియుండు లిపిడ్ పొర మందము నాలుగైదు నానోమీటర్లు మాత్రమే. తల వెంట్రుకలో సుమారు పదిహేను వేలవ వంతు. అది రెండు వరుసల అణువులతో ఏర్పడినదని 1925లో గోర్టర్, గ్రెండెల్ అను డచ్చి శాస్త్రజ్ఞులు ఎర్ర రక్తకణముల కొవ్వును నీటిపై పరచి ఊహించిరి. అంత పలుచని దానిని నొక్కి చూచుట ఎట్లు? 1986లో బిన్నిగ్, క్వేట్, గెర్బర్ నిర్మించిన పరమాణు బల సూక్ష్మదర్శిని ఆ పని చేయుచున్నది. పేరుకు దర్శినియే గాని అది చూడదు, తాకును. (స్పర్శిని అని పేరు పెట్టియుంటే ఎంత బాగుండెడిది!) ఒక చివర బిగించిన సన్నని శలాక, దాని కొనకు సూక్ష్మమైన ములుకు. శలాక ఎంత వంగినదో దాని వీపుపై పడి మరలిన లేజరు కిరణము తెలుపును. ఆ వంపు నుండి బలమును లెక్కింతురు. ములుకు దిగినకొలది పొర కొంత లొంగును, ఎదురు నిలుచును. కొన్ని నానోన్యూటన్ల బలము వద్ద హఠాత్తుగా చిల్లుపడును. చిల్లుపడక పూర్వము అది లొంగిన తీరులోనే దాని స్థితిస్థాపకత దాగియున్నది.

పొరను పరచుటకు అభ్రకపు రేకును వాడుదురు. రేకులుగా చీల్చినప్పుడు పరమాణువుల స్థాయిలో సైతము చదునుగా నుండుట దాని గుణము. నెల్లూరు సీమలోని గూడూరు గనుల నుండి వచ్చిన అభ్రకమే మనవారికి తెలిసినది.

ఇంతవరకు విని మామూ నన్ను ఆపినారు. “బేటా, జంపఖానాను షాబాదు బండపై పరచి నొక్కితే వ్రేలికి తగిలేది బండ కదా!”

నేను నివ్వెరపోయినాను. పరిశోధకులను వేధించిన చిక్కు సరిగా అదే. క్రింది అభ్రకపు కాఠిన్యము కొలతలో చేరి, పొర ఉన్నదానికంటె గట్టిగా కనబడును. అందుకై కొందరు సూక్ష్మరంధ్రములున్న పలకపై పొరను పరచి, రంధ్రము మీద ఆధారము లేని చోట నొక్కుదురు. అది మగ్గముపై సాగదీసిన పడుగువంటిదే.

“ఈ కొలత ఎవరికి కావలెను?” అని అడిగినారు. ఎర్ర రక్తకణము తన వెడల్పుకంటె ఇరుకైన కేశనాళికలలో వంగి దూరిపోవలెనని, పొరలో కొలెస్టరాలు పెరిగినకొలది సాధారణముగా అది బిరుసెక్కునని, క్రింద అల్లికవంటి స్పెక్ట్రిన్ వల కూడ దానికి తోడ్పడునని చెప్పితిని.

“ఎంత సాగును?”

“వైశాల్యములో నూటికి అయిదు వంతులు పెరిగితే చాలు, చిరిగిపోవును. కాని సులభముగా వంగును.”

“అయితే అది రబ్బరు కాదు, జంపఖానాయే,” అని నవ్వినారు. కొంతసేపు తన బొటనవ్రేలిని చూచుకొని, ఎం.యస్సీ. దరఖాస్తుకు గడువు ఎప్పుడని అడిగినారు.