ముత్తంగి నుంచి ఫుట్‌స్క్రే దాకా.. రెండు ఊళ్లు, ఒక టీమ్ గోల

ముత్తంగి అంటే చాలామందికి భద్రాచలం రాముడి ముత్యాల అలంకారం గుర్తొస్తుంది. ఇక్కడ అద్దెకుండే నాలాంటోళ్లకి మాత్రం ఓఆర్ఆర్ మూడో ఎగ్జిట్ గుర్తొస్తుంది. ముంబై హైవే, రింగ్ రోడ్డు ఒకదాన్నొకటి కోసుకునే చోటు ఇది. ఒకపక్క పటాన్‌చెరు, ఇక్రిశాట్, బీహెచ్ఈఎల్. ఇంకోపక్క ఇస్నాపూర్, పాశమైలారం, ఆ తర్వాత సంగారెడ్డి. రాత్రి రెండింటికి కూడా లారీల హారన్ ఆగదు. గాలి ఎటు వీస్తే అటువైపు ఫ్యాక్టరీ వాసన. నిజం చెప్పాలంటే ఇన్‌స్టాలో పెట్టుకునే ఊరు కాదు. గచ్చిబౌలి రెంట్‌లో సగానికే డబుల్ బెడ్‌రూమ్ దొరుకుతుంది కాబట్టి మేం ఇక్కడున్నాం.

కానీ ఆదివారం సాయంత్రం నాలుగింటికి వస్తే వేరే ముత్తంగి కనిపిస్తుంది. సర్వీస్ రోడ్డుకి కాస్త లోపల హద్దురాళ్లు పాతి వదిలేసిన వెంచర్ ప్లాట్లున్నాయి. అక్కడ ఫుట్‌బాల్ ఆడతారు. క్రికెట్ కాదండీ, ఫుట్‌బాలే. అస్సాం, బెంగాల్, జార్ఖండ్, ఒడిశా నుంచి ఫ్యాక్టరీ పనులకొచ్చిన కుర్రాళ్లు. వారమంతా షిఫ్టులు, ఆ ఒక్కరోజు వాళ్లది. గోల్‌పోస్ట్ అంటే రెండు హద్దురాళ్లు. సగంమందికి షూ ఉండవు. ఒకడు మాత్రం ఎప్పుడూ పసుపు రంగు హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీలో వస్తాడు. ఉతికి ఉతికి రంగు వెలిసిపోయింది.

ఆ జెర్సీ టీమ్ ఇప్పుడు ఈ ఊళ్లో లేదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. పుణె టీమ్ మూతపడితే ఐఎస్ఎల్‌లో ఆ ఖాళీలోకి మనోళ్లు వచ్చారు. హోమ్ గ్రౌండ్ గచ్చిబౌలి బాలయోగి స్టేడియం. ముత్తంగి నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. కారుంటే రింగ్ రోడ్డెక్కి కొల్లూరు, కోకాపేట దాటేస్తే వచ్చేసినట్టే. బైక్‌ని పైకి రానివ్వరు కాబట్టి మాకు సర్వీస్ రోడ్డే గతి. 2019 నవంబర్ 2న మొదటి హోమ్ మ్యాచ్‌లోనే కేరళ బ్లాస్టర్స్‌ని 2-1తో కొట్టారు. ఆ సీజన్‌లో గెలిచింది రెండు మ్యాచ్‌లే, ఆఖరి స్థానం. అది వేరే సంగతి.

తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చి కథ మార్చేశాడు. 2021-22 సీజన్‌లో ఒగ్బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. స్టాండ్స్ నిండా కేరళ అభిమానులు. 88వ నిమిషం దాకా ఓడిపోతున్న మ్యాచ్‌ని సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపేశాడు. కప్పు మనది! కానీ కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. ఛాంపియన్లయిన ఏడాది గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఊరు చూడకుండానే ఊరి టీమ్ గెలిచింది. నన్నడిగితే, తర్వాత జరిగినదాంట్లో దీని పాత్ర కూడా ఉంది.

2023-24 సీజన్ గురించి కాస్త ఆగి చెప్పాలి. అందరూ కప్పు గెలిచిన సీజన్ గురించే మాట్లాడతారు, నాకు గుర్తుండేది మాత్రం ఇదే. డబ్బు సమస్యలు ముదిరాయి. జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కొత్తవాళ్లని తీసుకోకుండా నిషేధం. కోచ్ కూడా మారాడు. థాంగ్‌బోయ్ సింగ్టో చేతిలో మిగిలింది ఎక్కువగా కుర్రాళ్లు. వాళ్లు వారం వారం దిగారు, వారం వారం ఓడారు. 22 మ్యాచ్‌లు, 16 ఓటములు, 5 డ్రాలు. గెలుపు ఒక్కటే. మార్చిలో చెన్నైలో, 1-0. మొత్తం 8 పాయింట్లు. ఆ సీజన్‌లో గచ్చిబౌలికి వెళ్తే ఖాళీ కుర్చీల మధ్య డెక్కన్ లీజియన్ అనే అభిమానుల గుంపు డప్పు చప్పుడు మాత్రం వినిపించేది. ఇరవై ఏళ్ల పిల్లాడు 80వ నిమిషంలో, మూడు గోల్స్ వెనకబడి కూడా బంతి కోసం పరిగెత్తడం చూశాక, సోమవారం స్టాండప్ కాల్‌లో నా కష్టాలు చెప్పుకోవాలంటే సిగ్గేసేది.

2024లో యాజమాన్యం మారింది, తర్వాతి సీజన్‌లో 12వ స్థానం. 2025 అక్టోబర్‌లో క్లబ్ ఢిల్లీకి మారిపోయింది. కొత్త పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ధర్నాలు లేవు, హ్యాష్‌ట్యాగ్ కూడా రెండ్రోజులే.

ఈ మాట మెల్‌బోర్న్‌లో ఉన్న మా కాలేజీ రూమ్మేట్‌కి ఫోన్లో చెప్తే వాడు నవ్వాడు. "మామా, ఇక్కడ ఈ కథ 1982లోనే అయిపోయింది" అన్నాడు.

వాడుండేది టార్నీట్. మెల్‌బోర్న్ పడమటి వైపు. పాయింట్ కుక్, ట్రుగనీనా, అన్నీ మనోళ్లతో నిండిపోయిన ఏరియాలే. అక్కడి ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు, ఆస్ట్రేలియన్ రూల్స్, 'ఫుటీ'. కోడిగుడ్డు ఆకారపు బంతి, క్రికెట్ గ్రౌండ్ లాంటి మైదానం, ఒక్కో వైపు 18 మంది. ఆ చివర నాలుగు స్తంభాలు. మధ్య రెండింట్లోంచి తంతే 6 పాయింట్లు, పక్కన పోతే 1. ఆఫ్‌సైడ్ లేదు. బంతిని విసరకూడదు, పిడికిలితో గుద్ది ఇవ్వాలి. గాల్లోకి లేచి పక్కోడి భుజమ్మీద మోకాలు ఆనించి మరీ క్యాచ్ పడతారు. మన కబడ్డీ వాళ్లకిస్తే భలే ఆడతారనిపిస్తుంది. సీజన్ మార్చిలో మొదలై సెప్టెంబర్‌లో ముగుస్తుంది. ఎంసీజీలో గ్రాండ్ ఫైనల్ ముందురోజు రాష్ట్రమంతా సెలవు!

వాడు చెప్పిన 1982 కథ సౌత్ మెల్‌బోర్న్‌ది. అప్పుల్లో మునిగిన ఆ క్లబ్ సిడ్నీకి తరలిపోయి సిడ్నీ స్వాన్స్ అయ్యింది. పాత అభిమానుల్లో కొందరు ఫుటీ చూడటమే మానేశారు. కొందరు కడుపు మంటతోనే చూస్తూ వచ్చారు. 2005లో ఆ టీమ్ కప్పు గెలిచింది, 1933 తర్వాత మొదటిసారి. జెర్సీ కాలర్ వెనక పాత క్లబ్ పొడి అక్షరాలు ఉంచుకున్నారు. వెళ్లిపోయినా పేరు మోస్తున్నారన్నమాట.

నాకు ఇంకా నచ్చింది ఫుట్‌స్క్రే కథ. వాడి ఇంటి నుంచి సిటీకి వెళ్లే దారిలోనే ఉంటుంది. ఒకప్పుడు అచ్చం మన పటాన్‌చెరు. తోళ్ల ఫ్యాక్టరీలు, తూటాల కర్మాగారం, పక్కనే రేవు, వలసొచ్చిన కార్మికులు. 1989లో లీగ్ వాళ్లు ఫుట్‌స్క్రే క్లబ్‌ని ఇంకో క్లబ్‌తో కలిపేస్తామన్నారు. జనం రోడ్డెక్కారు. డబ్బాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, మూడు వారాల్లో అప్పు తీర్చేంత చందా పోగేశారు. విలీనం ఆగిపోయింది. అదే క్లబ్ ఇప్పటి వెస్టర్న్ బుల్‌డాగ్స్. 2016లో 62 ఏళ్ల తర్వాత కప్పు గెలిచింది, అదీ సిడ్నీ స్వాన్స్ మీద. గాయంతో ఆడలేకపోయిన కెప్టెన్ బాబ్ మర్ఫీని కోచ్ స్టేజి మీదకి పిలిచి, తన మెడలో పతకం తీసి అతనికి వేశాడు. యూట్యూబ్‌లో చూడండి, ఆట అర్థం కాకపోయినా ఆ నిమిషం అర్థమవుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మెల్‌బోర్న్‌తో మన ఫుట్‌బాల్‌కి పాత చుట్టరికం ఉంది. 1956 ఒలింపిక్స్ అక్కడే. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆటగాడిగా ఉన్న ఇండియా టీమ్ ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించింది. నాలుగో స్థానంలో నిలిచింది. 'మైదాన్' సినిమా చూసినోళ్లకి తెలిసే ఉంటుంది. కాబట్టి "హైదరాబాదోళ్లకి ఫుట్‌బాల్ అంటే ఏం తెలుసు" అంటే నేనొప్పుకోను.

మరి డబ్బాలు పట్టుకుని మనమెందుకు తిరగలేదు? వాడు ఫోన్లో అడిగాడు. నా లెక్క ఇది. ఫుట్‌స్క్రేలో తాత వెళ్లిన గ్రౌండ్‌కే మనవడు వెళ్లాడు. అప్పటికే వందేళ్లు దాటిన క్లబ్. మనకి దొరికింది ఆరేళ్లు, అందులో రెండు కరోనా తినేసింది. పైగా ముత్తంగిలో ఎవడి అగ్రిమెంట్ చూసినా 11 నెలలే. నాదైనా, పాశమైలారంలో షిఫ్టు చేసే కుర్రాడిదైనా. ఇల్లే మనది కానప్పుడు టీమ్ మనదనుకోవడానికి టైమ్ పడుతుంది. అది పట్టేలోపే టీమ్ వెళ్లిపోయింది.

అన్నట్టు ఆదివారం ఆట చూడ్డానికి వచ్చేవాళ్లకి చిన్న సూచన. సర్వీస్ రోడ్డు పక్కన ఆ ప్లాట్‌కి పోయిన నెల ప్రహరీ లేచింది, గేటు కూడా పెట్టారు. ఇప్పుడు దాని వెనక వెంచర్‌లో ఆడుతున్నారు. నేల కాస్త ఎత్తుపల్లాలు, హద్దురాళ్లు కొత్తవి. నాలుగింటికే రండి, ఆరు దాటితే నైట్ షిఫ్టు వాళ్లు వెళ్లిపోతారు, టీమ్ సరిపోదు. గోల్‌కీపర్ ఎప్పుడూ తక్కువే. షూ లేకపోయినా తీసుకుంటారు.