పరదా ఎత్తే వేళ



సంక్రాంతి వెళ్ళిన వారం మేము దంపతులం తాడేపల్లిగూడెం వైపు వెళ్ళాం. వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయానికి అవతల మన సహోదరుడొకరు పాలీహౌస్ కౌలుకు తీసుకుని కూరగాయల నారు పెంచుతున్నారు. నారు పోతోంది, వచ్చి ప్రార్థన చేయమని కబురు పెట్టారు. తెల్లవారుజామున బయల్దేరితే కొల్లేటి మంచు ఏలూరు దాటేదాకా మమ్మల్ని వదల్లేదు.

లోపల కప్పు పట్టా నిండా నీటి చుక్కలు. ట్రేలలో టమాటా నారు మొదళ్ళు మెత్తబడి వాలిపోయింది. నారుకుళ్ళు తెగులు. "మంచు లోపలికి దిగినట్టుంది. పరదాలు ఇంకాస్త గట్టిగా మూయాల్సింది బాబూ" అన్నాం.

"అది బయటి మంచు కాదు అయ్యగారూ, ఈ మొక్కలు వదిలిన ఆవిరే. కొబ్బరిపొట్టులోని తడి, ఆకుల ఆవిరి పోయే దారి లేక రాత్రి చల్లటి పట్టాకు తగిలి నీరవుతుంది. మళ్ళీ వీటి నెత్తినే పడుతుంది. చలికి భయపడి మూడు రోజులు పరదాలు ఎత్తలేదు. తప్పు నాదే" అన్నారాయన.

మన ప్రాంతపు చలి నారును చంపేంత చలి కాదు. రాత్రి 18 డిగ్రీలకు దిగినా టమాటా నారు తట్టుకుంటుంది. తట్టుకోలేనిది ఆరని తడినే. అందుకే ఎండ పొడ రాగానే పక్క పరదాలు ఎత్తాలి. నీళ్ళు పొద్దున్నే పెట్టాలి, సాయంత్రానికి ఆకు ఆరాలి. పొద్దు వాలకముందే పరదా దించితే పగటి వెచ్చదనం కొంత నిలుస్తుంది. ఇంకొకటి, మొక్క గాలిలోని బొగ్గుపులుసు వాయువుతోనే ఆహారం వండుకుంటుంది. మూసిన ఇంట్లో ఎండ ఉన్నా ఆ వాయువు తరిగిపోయి మొక్క పస్తుంటుంది.

తిరుగు ప్రయాణంలో మేమిద్దరం మాట్లాడుకోలేదు. కారణం చెప్పాలి.

క్రిస్మస్ ముందు, మందిరపు శ్లాబు లెక్క గురించి ఒక కుటుంబం నలుగురిలో అడిగింది. మా మనసు గాయపడింది. ఆ వీధికి వెళ్ళడం మానేశాం. ఆ ఇంట్లో మంచాన పడిన మామ్మగారు ప్రార్థనకు రెండుసార్లు కబురంపితే, ఉపవాసంలో ఉన్నామని చెప్పి పంపాం. మనసు కాపాడుకుంటున్నాం అనుకున్నాం. రోజూ మా మాటే మేము విన్నాం, మా నిట్టూర్పే మా మీద పడింది.

ఆ సాయంత్రమే లెక్కల పుస్తకం పట్టుకుని వెళ్ళాం. అందరం కలిసి చూస్తే, ఇనుము కొన్న 1,800 రూపాయలు మేము రాయడం మరిచిపోయాం. వాళ్ళు అడిగింది న్యాయమే. క్షమించమన్నాం. మామ్మగారు మా చెయ్యి పట్టుకుని, "ఇన్నాళ్ళకు దారి తెలిసిందా అయ్యగారూ" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

యోహాను సువార్త 20వ అధ్యాయం చదవండి. శిష్యులు భయంతో తలుపులు మూసుకున్నారు. ప్రభువు ఆ గదిలోకే వచ్చి, సమాధానం పలికి, వారిమీద ఊదాడు. మూసిన గదిలో వారికి కరువైంది ఆయన ఊపిరే. వారిని పంపుతున్నానని కూడా చెప్పాడు.

ప్రియులారా, చలి పేరు చెప్పి మీరు మూసిన పరదా ఏది? రేపు ఎండ రాగానే ఒక్క పక్కైనా ఎత్తండి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.