ఊడదీయగలిగే జిగురు

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియమ్‌కి పోయిన చలికాలం నేను వెళ్ళింది ఒక శిల్పంలోని అతుకులు చూడటానికి. అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాను. మోకాలి దగ్గర వంగి చూస్తుంటే గార్డు ఒకసారి గొంతు సవరించుకున్నాడు. ఇదిగో ఇదీ అతుకు అని వేలుపెట్టి చూపించగలిగింది నాకొక్కటీ దొరకలేదు.

ఆ శిల్పం పేరు ఆడమ్. వెనిస్ పాలకుడొకరి సమాధి కోసం తుల్లియో లొంబార్దో 1490లలో పాలరాతిలో చెక్కాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి. 2002 అక్టోబరు 6న, మ్యూజియమ్ మూసేశాక, కిందున్న ప్లైవుడ్ పీఠం కుంగిపోయి నేలమీద పడ్డాడు. పెద్ద ముక్కలు 28, చిన్నవి వందల్లో. మళ్ళీ జనం ముందు నిలబడింది 2014 నవంబరులో. పన్నెండేళ్ళు! మా ఆఫీసులో రెండు వారాల పని మూడో వారంలోకి జరిగితే మీటింగు పెట్టి మరీ పరువు తీస్తారు.

చదివినకొద్దీ నాకు తెలిసిందేమిటంటే, ఆ పన్నెండేళ్ళలో ఎక్కువకాలం వాళ్ళు అతికించకుండా ఆగారు. ముందు ఏ ముక్క ఎక్కడ పడిందో నేలని గళ్ళుగా విభజించి ఫొటోలు తీశారు. ముక్కల్ని లేజర్‌తో స్కాన్ చేసి కంప్యూటర్‌లో కూర్చారు. అసలు ముక్కల్ని మాటిమాటికీ ఒకదానికొకటి ఆనించి చూస్తే విరిగిన అంచు పొడిపొడిగా రాలిపోతుంది, ఆ తర్వాత ఎంత చేసినా సరిగ్గా కూర్చోదు. ఏ కీలు మీద ఎంత బరువు పడుతుందో ఫైనైట్ ఎలిమెంట్ అనాలిసిస్‌తో లెక్కగట్టారు. (ఇంజనీరింగులో నేను అర్థం కాకుండానే పాసైన సబ్జెక్టు అది.)

లోపల పెట్టే పిన్నుల దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. స్టీలు వద్దనుకుని ఫైబర్‌గ్లాస్ వాడారు. పిన్ను రాయి కంటే మరీ గట్టిదైతే, రేపు మళ్ళీ దెబ్బ తగిలినప్పుడు పిన్ను నిలుస్తుంది, రాయి పగులుతుంది. జిగురూ అలాంటిదే. పారలాయిడ్ బి-72 అనే ఆక్రిలిక్ రెసిన్ ప్రధానంగా కలిపినది, ఎసిటోన్‌కి కరిగిపోతుంది. ఎప్పుడో మనకంటే తెలిసినవాళ్ళు వస్తారు, మనం చేసింది విప్పుకునే వీలు వాళ్ళకి ఉండాలి అని.

నాకు ఇదంతా ఎందుకంటే, మా అమ్మ బొమ్మలకొలువు పెట్టెలో ఒక మట్టిబొమ్మ ఉండేది, తిరగలి విసురుతున్న ఆడమనిషి. అమ్మమ్మ ఇచ్చింది. నేను టెన్త్‌లో ఉండగా అటకమీంచి పెట్టె దించుతూ జారవిడిచాను. మెడ, ఒక చెయ్యి విరిగాయి. అమ్మ గుడి నుంచి వచ్చేలోపల కొట్టుకి పరిగెత్తి జిగురు ట్యూబు తెచ్చి అంటించేశాను. ఆ జిగురు సంగతి తెలుసుగా, సర్దుకునే టైమివ్వదు. తల కాస్త పక్కకి తిరిగిపోయింది. మెడకింద పెంకు ఒకటి ఎక్కడ పడిందో దొరకలేదు. ఆ సందులో సుద్ద కూరి, చెల్లి వాటర్ కలర్స్ పూశాను.

అమ్మ ఏమీ అనలేదు. కొలువులో పెట్టేటప్పుడు మాత్రం ఆ బొమ్మని కొంచెం ఏటవాలుగా తిప్పి పెట్టేది, తల మనవైపే చూస్తున్నట్టు. ప్రతి ఏడూ.

అమ్మ పోయి మూడేళ్ళు. బొమ్మ నా దగ్గరికొచ్చింది. విప్పి సరిగ్గా అతుకుదామని చదవడం మొదలుపెట్టి ఆడమ్ దగ్గర తేలాను. నా జిగురు కూడా ఎసిటోన్‌కి మెత్తబడుతుంది. కానీ బొమ్మ రంగులో? కన్సర్వేటర్లు చేసినట్టే, అడుగున కనపడనిచోట దూదిపుల్లతో ఒక్క చుక్క అద్ది చూశాను. దూది ఎర్రబడింది. అక్కడితో ఆపేశాను.

ఆడమ్ విషయంలో నాకొక పేచీ ఉండేది. లోటున్న చోట్ల పూరించి, రంగు కలిపి, ఎప్పుడూ పడనట్టే నిలబెట్టారు. తాళపత్రాల పరిష్కర్తలైతే ఆకు చిరిగినచోట చుక్కలుపెట్టి ‘గ్రంథపాతం’ అని రాస్తారు. తన సొంత పాదం ఇరికించి గుట్టుగా ఊరుకున్న పరిష్కర్త అంటే నాకు ఇప్పటికీ మంట. అయితే మ్యూజియమ్ వాళ్ళు చేసిందంతా తమ జర్నల్లో ప్రచురించారు. చుక్కలు పెట్టారు, కాకపోతే రాతిమీద కాదు. ఇది సరిపోతుందా అంటే, ఆ కాగితాలు చదవకుండా వచ్చి చూసి వెళ్ళేవాళ్ళకి సరిపోదనే అంటాను. అయినా గుట్టు కాదు.

నేనూ పెట్టెలో ఒక కాగితం పెట్టాను: ఏ ఏడు విరిగింది, ఏ జిగురు, సుద్ద ఎక్కడుంది, రంగు ఎవరి డబ్బాలోది. ఈ సంక్రాంతికి మా అమ్మాయి బొమ్మని మెట్టుమీద తిన్నగా పెట్టింది. నేను కొంచెం తిప్పాను. ఎంత తిప్పాలో రెండుమూడుసార్లు వెనక్కెళ్ళి చూసుకోవాల్సి వచ్చింది.