నోరు తెరవమనే ముందు

అరకు, పాడేరు కొండల్లో పెద్దవయసు ఆడవాళ్లు చాలామంది చుట్టను తిరగేసి కాలుస్తారు. నిప్పున్న కొస నోట్లో ఉంటుంది. అదే అడ్డపొగ. గాలి వీచినా జల్లు కొట్టినా చుట్ట ఆరదు, పని చేసుకుంటూనే కాల్చుకోవచ్చు. కొండచలిలో అదో తోడు. కానీ ఆ వేడీ పొగా అంగిలిని కాల్చేస్తాయి. తెల్లమచ్చలు లేస్తాయి, కొందరికి అవే క్యాన్సర్‌గా ముదురుతాయి.

అయితే అలా కాల్చే ఆవిడ ఆస్పత్రి మెట్లెక్కేది చుట్ట మానడానికి కాదు. పన్ను కదులుతోందనో, చిగుళ్లు వాచి చోడి అంబలి తప్ప ఏదీ దిగడం లేదనో వస్తుంది.

డెంటల్ హైజీనిస్టు ఆమెతో మాట ఎలా మొదలుపెడుతుందన్నదే అసలు సంగతి. పళ్ల గార తీయడం, చిగుళ్లు చూడడం, తోముకునే తీరు నేర్పడం ఈ ఉద్యోగం. 1913లో అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు దీనికి మొదటి బడి పెట్టాడు. మన దేశంలో 1948 నాటి దంతవైద్యుల చట్టం ఈ ఉద్యోగులను గుర్తించింది.

మంచి హైజీనిస్టు ముందు వింటుంది. "ఏం బాధగా ఉందమ్మా? ఏం తినలేకపోతున్నావు?" అని అడుగుతుంది. ఆదివాసీ ఒడియాయో కువియో మాత్రమే వచ్చిన మనిషైతే, ఆ భాష తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుంటుంది. పరికరం చేతిలో పట్టుకుని చూపిస్తుంది, ఏం చేయబోతోందో చెబుతుంది, సరేనన్నాకే నోట్లో పెడుతుంది. గార తీస్తే పళ్లు వదులైపోతాయని చాలామందికి భయం. ఆ భయాన్ని కొట్టిపారేయదు. వాచిన చిగురు తగ్గి, పేరుకున్న గార పోయినప్పుడు పళ్ల మధ్య సందు తెలుస్తుందని అద్దంలో చూపిస్తుంది. పళ్లపుల్లతో తోముకునే మనిషికి బ్రష్షు కొనమని హుకుం జారీ చేయదు. ఆ పుల్లనే చిగురు గీరుకోకుండా మెత్తగా నమిలి ఎలా వాడాలో నేర్పుతుంది.

చుట్ట మాట చివర్లో వస్తుంది, తిట్టుగా రాదు. అద్దంలో అంగిలిపై మచ్చ చూపించి, చుట్టలు తగ్గించుకోవడానికి ఏది వీలవుతుందో ఆవిడనే అడుగుతుంది. మచ్చ అనుమానంగా ఉంటే అప్పుడే డాక్టరుకు చూపిస్తుంది.

ఇలా మాట్లాడితే ఫలితం ఉంటుందని మన ఉత్తరాంధ్ర జిల్లాయే చెబుతోంది. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో పొగాకు వాడే 36,000 మందిని పరిశోధకులు ఏళ్ల తరబడి పరీక్షించి, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడారు. 1986లో లాన్సెట్ పత్రిక ఆ వివరాలు ప్రచురించింది. ఆ మాటలతో కొందరు అలవాటు మానారు, తగ్గించుకున్నారు. నోట్లో తెల్లమచ్చలు కొత్తగా రావడమూ తగ్గింది.

కొండమీది ఆస్పత్రులకు కుర్చీలు, యంత్రాలు ఇచ్చినప్పుడు, ఊరి భాష తెలిసిన హైజీనిస్టునూ ఇవ్వాలి. ఆ ఉద్యోగికి రోగి మాట పూర్తిగా వినే సమయమూ ఇవ్వాలి. అడ్డపొగ తాగే ఇంటివాళ్లున్న ప్రతి పాఠకుడికీ ఒక విన్నపం: అంగిలిమీద తెల్లమచ్చ కనబడితే నొప్పి వచ్చేదాకా ఆగకండి, వెంటనే చూపించండి.